గురవమ్మ లేని ఫోటో

చిత్తూరు నుంచి తిరుపతికి తిరిగే పల్లెవెలుగు బస్సులో గ్రేసీ కండక్టరు. పన్నెండేళ్ళుగా అదే రూటు. ఆ దారిన రోజూ పోయి వచ్చేవాళ్ళకు ఆమె పేరు తెలియకపోయినా నోరు తెలుసు. ఫుట్‌బోర్డు మీద వేలాడే కాలేజీ పిల్లలు ఆమె ఒక్క కేక వేస్తే లోపలికి జరుగుతారు. ఆడవాళ్ళ సీట్లలో కూర్చుని నిద్ర నటించే మగవాళ్ళను టిక్కెట్ మిషనుతో భుజం మీద తట్టి మరీ లేపుతుంది. గ్రేసీకి కోపం ముక్కు మీదే ఉంటుందని డిపోలో అందరూ అంటారు. ఆమెను అడిగితే, తనకు ఊరికే కోపం రాదని, లోకమే తెప్పిస్తుందని చెబుతుంది.

ఆమె పుట్టింది పూతలపట్టు దగ్గర ఒక చిన్న పల్లెలో. తల్లి మామిడి తోపుల్లో కూలికి పోయేది. గ్రేసీకి పంతొమ్మిదో ఏడు నడుస్తుండగా జ్వరంతో చనిపోయింది. చర్చిలో ప్రార్థన రోజు పెట్టుకోవడానికి ఇంట్లో ఒక్క ఫోటో లేదు. రేషను కార్డు మీదున్న బిళ్ళంత బొమ్మను పట్టుకుపోయి స్టూడియోలో పెద్దది చేయించారు. స్టూడియో అతను మంచి చేస్తున్నాననుకుని ఆమెకు పట్టుచీర కట్టాడు, మెడలో గొలుసు వేశాడు, ముఖం పాలలా తెల్లగా చేశాడు. నాయన చూసి "బానే ఉండాది" అన్నాడు. గ్రేసీ ఆ ఫోటోను తీసుకుని ఎండలో రెండు మైళ్ళు నడిచి మళ్ళీ స్టూడియోకు పోయింది. "ఈమె ఎవురో నాకు తెలీదు. మాయమ్మను ఇయ్యి" అని గల్లా ముందు నిలబడింది. ఆఖరికి ఆ రేషను కార్డు బొమ్మనే, మసకగా ఉన్నదాన్ని ఉన్నట్టే, అట్ట మీద అంటించి ప్రార్థనలో పెట్టారు.

నాలుగేళ్ళ కిందట ఆమె మంచి కెమెరా ఉన్న ఫోను కొనుక్కుంది. తిరుపతి బస్టాండులో బస్సు తిరిగి బయలుదేరేదాకా దొరికే ఇరవై ఐదు నిమిషాల్లో మిగతా కండక్టర్లు టీ తాగి కాళ్ళు చాపుకుంటే, గ్రేసీ ఫోను పట్టుకుని తిరిగేది. గుండు కొట్టించుకుని ఒకరి తల ఒకరు తడిమి చూసుకుంటున్న కుటుంబం. చంద్రగిరి కొండల మీద దుప్పటిలా దిగిన మంచు. వాన నీళ్ళు నిలిచిన ప్లాట్‌ఫారం మీద తలకిందులుగా కనబడే బస్సులు. తీసిన ఫోటోలు ఎవరికి చూపించాలో తెలిసేది కాదు. భర్త రవిచంద్ర ఆటో నడుపుతాడు. ఏ ఫోటో చూపించినా "సూపర్" అంటాడు, అదీ పూర్తిగా చూడకముందే.

చంద్రగిరిలో బస్సెక్కే మోహన ఆమెకు దారి చూపించాడు. తిరుపతిలో అతనికి ఫోటోలు ప్రింటు వేసి ఫ్రేములు కట్టే చిన్న కొట్టు ఉంది. ఒక రోజు చిల్లర ఇస్తున్నప్పుడు ఆమె ఫోను తెర మీది కొండను చూసి, "అక్కా, ఇది నువ్వు తీసిందేనా? మా గ్రూపులో పెట్టకూడదా?" అన్నాడు. ఆ గ్రూపు పేరు 'కనుచూపు ఫోటో మిత్రులు'. ఎనభై మంది దాకా ఉంటారు. టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, ఇద్దరు డాక్టర్లు. ఆదివారం పొద్దున తలా ఒక ఫోటో పెట్టాలి. సాయంత్రం లోపల మునిప్రసాద్ సార్ ఒక్కొక్క దాని మీద వాయిస్ మెసేజిలో తన అభిప్రాయం చెబుతారు.

మునిప్రసాద్ ఇంజనీరుగా రిటైరైన మనిషి. మోచేయంత లెన్సున్న కెమెరా ఆయనకు ఉంది. తలకోన అడవిలో తీసిన పిట్టల ఫోటోలకు బహుమతులు వచ్చాయి. గ్రేసీ మొదటి ఫోటోకే ఆయన, "నేల వాలిపోయిందమ్మా. ఫోను తిన్నగా పట్టుకోవడం నేర్చుకోవాలి" అన్నారు. ఎనభై మంది విన్నారు. ఆమె చెవులు కాలిపోయాయి. కానీ మళ్ళీ చూసుకుంటే నేల వాలిన మాట నిజమే. ఆ తర్వాత ఒక్క ఫోటోలోనూ వాలనివ్వలేదు. దూరం నుంచి తీయకుండా దగ్గరికి పోవడం, ఎండ పక్క నుంచి వచ్చేదాకా ఆగడం, అన్నీ ఆయన తిట్ల నుంచే నేర్చుకుంది. ఆ సంగతి ఆమె ఎప్పుడూ దాచలేదు.

ఒక్క విషయంలో మాత్రం ఇద్దరికీ కుదరలేదు. ఆమె ఫోటోల్లో ఎక్కడో ఒకచోట మనిషి ఉండేవాడు. సార్‌కు అది నచ్చేది కాదు. "కొండ బాగుంది, ముందు ఈ గడ్డిమోపు మనిషి ఎందుకు? ఆకాశం బాగుంది, ఈ కరెంటు తీగలు, ఈ చెత్తకుండీ అవసరమా? ఫోటో కంటికి హాయిగా ఉండాలమ్మా" అనేవారు. "కొండ కింద గడ్డి కోసేవోళ్ళు ఉంటారు గదా సార్" అని గ్రేసీ రాసేది. దాని కింద నమస్కారం బొమ్మలు పది పడేవి. మాట అక్కడితో ఆగిపోయేది.

మొన్న మే నెలలో ఒక సాయంత్రం పూతలపట్టు చుట్టుపక్కల గాలివాన పట్టింది. గంట సేపు కూడా లేదు. మరుసటి పొద్దున గ్రేసీకి సెలవు. రోడ్డు పక్క పల్లె నుంచి వారానికి రెండు మూడుసార్లు ఆమె బస్సెక్కే గురవమ్మ గుర్తుకొచ్చింది. గురవమ్మకు రెండెకరాల మామిడి తోపు. మొగుడు లేడు, చెట్లే సంసారం. ఆ ఏడు బెంగుళూరా రకం కాయ విరగకాసిందని, ఇంకొక్క నెల ఆగితే కోతేనని, బస్సులో ప్రతిసారీ చెప్పేది. గ్రేసీ రవిచంద్ర ఆటోలో అక్కడికి పోయింది.

తోపంతా కాయే. కాలు పెట్టడానికి నేల కనబడలేదు. ముదరని పచ్చికాయలు, ఒకదాని మీద ఒకటి, గట్టు నుంచి గట్టు దాకా. వాన కడిగినందువల్ల ప్రతి కాయా నిగనిగలాడుతూ ఉంది. అప్పుడే పొద్దు పొడిచి, చెట్ల మొదళ్ళ మధ్య నుంచి ఎండ పక్కవాటుగా పడుతోంది. వాటి నడిమధ్యలో గురవమ్మ కూర్చుని ఉంది. ఒక చెయ్యి నెత్తి మీద, ఒక చెయ్యి కాయల మీద. ఆమె నీడ పొడుగ్గా సాగి కాయల మీద పడుకుంది.

గ్రేసీ ముందు ఫోను తీయలేదు. పోయి పక్కన కూర్చుంది. కాసేపటికి గురవమ్మే అడిగింది, "నువ్వు ఫోటోలు తీస్తావంట గదా పాపా. తియ్యి."

"వొద్దులే అత్తా. ఇట్లాంటప్పుడు..."

"ఇట్లాంటప్పుడే తియ్యాల. నిన్నట్నుంచి ఒక్కరన్నా వొచ్చి సూసినోళ్ళు లేరు. నువ్వన్నా నలుగురికీ సూపించు. గురవమ్మ తోపు ఇట్లా అయిపోయిండాదని సెప్పు."

"సూపిస్తాను" అని గ్రేసీ మాటిచ్చింది. లేచి, తూర్పు వైపుకు చేరి, మోకాళ్ళ మీద కూర్చుని మూడు ఫోటోలు తీసింది. మూడోది కుదిరింది.

ఆదివారం ఆ ఫోటో గ్రూపులో పెట్టి, కింద 'పూతలపట్టు దగ్గర గురవమ్మ తోపు, గాలివాన తర్వాత' అని రాసింది. సాయంత్రం మునిప్రసాద్ సార్ గొంతు ఎప్పుడూ లేనంత ఉత్సాహంగా వచ్చింది. "గ్రేసీ గారూ, అద్భుతం! ఆ పచ్చదనం చూడండి, ఆ వెలుగు చూడండి! ఇన్నాళ్ళకు మీ చేతికి వెలుగు చిక్కింది. ఒక్కటే లోపం. మధ్యలో ఆ మనిషి. కన్ను అక్కడే ఆగిపోతోంది. ఆమెను తీసేస్తే ఇది జాతీయ స్థాయి ఫోటో."

గ్రేసీ ఆ మాటలు డిపోలో విన్నది. రెండోసారి విన్నది. 'కన్ను అక్కడ ఆగాలనే తీసినాను సార్. తీసేది లేదు' అని టైపు చేసింది.  దాని కింద ఈసారి నమస్కారం బొమ్మలు కూడా పడలేదు.

జూలైలో ఎగ్జిబిషన్ సంగతి వచ్చింది. ఆగస్టు రెండో ఆదివారం తిరుపతిలో ఒక కల్యాణ మండపం కింది హాల్లో, గ్రూపు వాళ్ళ ఫోటోలు నలభై పెడతారట. ప్రింట్లు, ఫ్రేములు మోహన పని. గ్రేసీ అతనికి ఫోటో పంపి, ఉన్నది ఉన్నట్టే వేయమని చెప్పింది. "సరే అక్కా" అన్నాడు. ఎగ్జిబిషన్‌కు రెండు రోజుల ముందు సార్ గ్రూపులో బహుమతుల జాబితా పెట్టారు. పేర్లు మాత్రమే. ప్రకృతి విభాగంలో మొదటి బహుమతి గ్రేసీది.

ఆమె ఆ రోజు బస్సులో ఎవరినీ తిట్టలేదు. సార్ మనసు మార్చుకున్నారనుకుంది. ఆయన గురించి ఇన్నాళ్ళు మనసులో అనుకున్న మాటలకు సిగ్గుపడింది కూడా. పూతలపట్టులో బస్సు ఆగినప్పుడు గురవమ్మకు ఫోను చేసింది. "అత్తా, ఆదివారం తిరుపతికి రావాల. నీ ఫోటోకు ప్రైజు వొచ్చిండాది. గోడకు తగిలిస్తారు, ఊరంతా సూస్తారు."

ఆదివారం గురవమ్మ మడత నలగని నీలం చీర కట్టుకుని, తల్లో కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది. హాలు గుమ్మం దగ్గర చెప్పులు విడవబోతే గ్రేసీ నవ్వి, "గుడి కాదత్తా, రా" అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. పిట్టలు, జలపాతాలు, తిరుమల కొండ మీద మేఘాలు. గురవమ్మ ఒక్కొక్క దాని ముందు ఆగి తలూపింది. మూడో గోడ మీద, అన్నిటికంటే పెద్దదిగా, బంగారు రంగు ఫ్రేములో, వాళ్ళ ఫోటో ఉంది. కింద అట్ట మీద 'ప్రకృతి పరిచిన పచ్చ తివాచీ' అని, 'ప్రథమ బహుమతి' అని రాసి ఉంది.

గురవమ్మ దగ్గరికి పోయింది. కళ్ళు చికిలించింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది.

"తోపు మనదే పాపా. నేను యాడ?"

గ్రేసీ కూడా దగ్గరికి పోయి చూసింది. గురవమ్మ కూర్చున్న చోట కాయలు ఉన్నాయి. పక్కనున్న కాయలనే తెచ్చి అతికినట్టు, ఒకే రకం కాయలు వరసగా. గురవమ్మ వేలు పెట్టి, ఫోటోలో ఒక చోట అద్దాన్ని ముట్టుకుంది.

"ఇది నా నీడే గదా?"

నీడ అట్లాగే ఉంది. నెత్తి మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్న మనిషి నీడ, పొడుగ్గా, కాయల మీద. దాన్ని తీయడం మరిచిపోయారు. లేదా అది చెట్టు నీడ అనుకున్నారు.

గ్రేసీ హాలు మధ్యలో నలుగురితో మాట్లాడుతున్న మునిప్రసాద్ సార్ దగ్గరికి నేరుగా పోయింది.

"సార్, నా ఫోటోలో మనిషి ఏమైంది?"

ఆయన నవ్వుతూ తిరిగారు. "రండి, రండి. అభినందనలు! చూశారా, చిన్న సవరణతో ఎంత మారిపోయిందో?"

"సవరణా? మనిషిని మాయం సేసేది సవరణా సార్? వొద్దని నేను రాసినా గదా?"

"గ్రేసీ గారూ, నెమ్మదిగా. నలుగురూ ఉన్నారు. ఇది ప్రకృతి విభాగం. మనిషి ఉంటే నిబంధనల ప్రకారం బహుమతి ఇవ్వలేం. మీకు రావాలనే కదా నేను..."

"నేను అడిగినానా? నన్ను ఒక్క మాట అడిగినారా?" గ్రేసీ గొంతు బస్సు వెనక సీటు దాకా వినిపించే గొంతు. "తివాచీ అని రాసినారు. తివాచీ అంటే ఏంది సార్? అది రాలిపోయిన కాయ. నెల ఆగితే కోతకు వొచ్చే కాయ. ఒక్క గంటలో నేల పాలైంది. ఆ కాయ మింద కూసోని ఏడ్సే మనిషిని తీసేసి, మీరు తివాచీ అంటా ఉండారు!"

"అమ్మా, చూసేవాడికి ఆ కథంతా అవసరం లేదు. రంగు, వెలుగు, కూర్పు. కోపంలో ఉంటే కళ అర్థం కాదు."

"ఆ మనిషి నీడ మిగిలిపోయిండాది, అదైనా కనబడిందా మీకు? నేల వాలితే కనిపెడతారు, తీగ అడ్డమొస్తే కనిపెడతారు. నీడ ఒకటే పడిండాది, మనిషి లేదని ఇంతమందిలో ఒక్కరికీ కనబళ్ళేదా?"

అందరూ గోడ వైపు తిరిగారు. ఒక డాక్టరు దగ్గరికి పోయి చూసి, వెంటనే తల దించుకున్నాడు. మునిప్రసాద్ సార్ ముఖం మొదటిసారి ఎర్రబడింది. అప్పుడే ఆయన చూపు ఫోటో పక్కన ముడుచుకుని నిలబడిన నీలం చీర మీద పడింది. పోల్చుకున్నారు.

"మీరేనా అమ్మా? నమస్కారం" అన్నారు. ఇంకేమనాలో తెలియక, "పక్క గదిలో టిఫిను ఉంది, తినేసి వెళ్ళండి" అన్నారు.

గురవమ్మ ఆయన్ను కాసేపు చూసింది. "టిఫినుకు రాలేదు సార్. నన్ను నేను సూసుకుందామని వొచ్చినాను" అంది. గొంతులో కోపం లేదు. గ్రేసీకి అది ఇంకా భరించరాని మాటయింది.

పోయి ఫ్రేమును మేకు నుంచి తీసింది. ఎవరో "అది గ్రూపుది, ముట్టుకోకండి" అన్నారు. దాన్ని సార్ ముందున్న బల్ల మీద బోర్లా పెట్టింది. "మీ తివాచీ మీరే పెట్టుకోండి. దాని కింద నా పేరు మాత్రం ఉండకూడదు" అని, పేరున్న అట్టను పీకి చేతిలో నలుపుకుంది. సర్టిఫికెట్ల కట్ట వైపు చూడను కూడా లేదు. గురవమ్మ చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

మెట్ల మీద మోహన పరిగెత్తుకొచ్చాడు. "అక్కా, ఆగక్కా."

"నువ్వు మాట్లాడొద్దు."

"నేనే తీసినాను అక్కా. సార్ సెప్పినాడు, నేను ఫోన్లో వేలితో రుద్దినాను. అర నిమిషం పన్లేదు, మాయమైపోయింది. నీకు సెప్పాలని..."

"అర నిమిషం" అంది గ్రేసీ. ఆ మాట ఆమెకు చెంపదెబ్బలా తగిలింది. "నీకు ఆ యమ్మ ఎవురో తెల్సునా? ఆ యమ్మ ఆ పొద్దు నోట్లో నీళ్ళు కూడా పోసుకోలేదు. సార్‌కు తెలీదు, సరే. నీ ఇంటి వెనకాల మామిడి చెట్లు లేవా? నువ్వు చంద్రగిరోడివి గదా అబ్బా, నీకు రాలిన కాయ అంటే ఏందో తెలీదా?"

మోహన కళ్ళు నేల మీదికి దించాడు. "కొట్టు తెరుస్తాను, రండి. ఉన్నది ఉన్నట్టే వేసిస్తాను" అన్నాడు. గ్రేసీ పోనని అనబోయింది. గురవమ్మ, "పోదాం పా. ఆయబ్బి మొగం సూడు" అంది.

కొట్టులో మిషను మెల్లగా కాగితాన్ని బయటికి వదిలింది. కాయలు, వెలుగు, నడిమధ్యలో గురవమ్మ. మోహన నల్ల ఫ్రేము కట్టి రెండు చేతులతో ఆమెకు అందించాడు. ఆమె చాలాసేపు చూసింది. నెత్తి మీది చెయ్యిని చూసి, తన చెయ్యిని చూసుకుంది. తర్వాత ఫ్రేమును గ్రేసీ చేతుల్లో పెట్టింది.

"నాకొద్దు పాపా. ఇంట్లో పెట్టుకుని దినమూ సూసి ఏడ్సనా? నేను సూసేదానికి కాదు గదా నిన్ను తియ్యమనింది."

గ్రేసీని ఆ సాయంత్రమే గ్రూపులోంచి తీసేశారు. ముగ్గురు విడిగా మెసేజి పెట్టారు, ఆమె చేసింది న్యాయమేనని. ముగ్గురిలో ఒక్కరూ ఆ మాట గ్రూపులో అనలేదు. వాళ్ళకు ఆమె జవాబు ఇవ్వలేదు. నాలుగైదు రోజులు అన్నం సయించలేదు. టిక్కెట్ మిషను మీద వేళ్ళు ఎంత గట్టిగా పడేవంటే, డ్రైవరు మునికుమార్, "అది ఏం తప్పు సేసింది గ్రేసీ?" అన్నాడు.

ఫ్రేము ఇంట్లో గోడకు ఆనించి ఉంది. ఒక పొద్దున దాన్ని బస్సులో తీసుకుపోయి పూతలపట్టు కూడలిలో ఎల్లప్ప టీ కొట్టులో ఇచ్చింది. బస్సు అక్కడ పది నిమిషాలు ఆగుతుంది. చుట్టుపక్కల రైతులందరూ అక్కడే టీ తాగుతారు. ఎల్లప్ప ఏమీ అడగకుండా, సబ్బు కంపెనీ క్యాలెండరు తీసేసి ఆ మేకుకు ఫోటో తగిలించాడు. కింద స్కెచ్ పెన్నుతో 'గురవమ్మ తోపు, మే గాలివాన' అని గ్రేసీయే రాసింది.

వారం తర్వాత బస్సు ఆగినప్పుడు నలుగురైదుగురు రైతులు టీ గ్లాసులతో దాని ముందు నిలబడి ఉన్నారు. గ్రేసీ వెనక నిలబడి విన్నది.

"గాలి పడమట నుంచి కొట్టిండాది. సూడప్పా, కాయంతా ఈ పక్కకే దొర్లిండాది."

"ఇంకా లోపల జీడి కూడా ముదరలేదు. పచ్చడికి తప్ప పనికి రాదు."

"మా తోపు కూడా ఇంతే. ఎవురు తీసినారు మా తోపును?"

మునిరామయ్య అనే పెద్దాయన, నుదుట గంధం బొట్టుతో, కళ్ళద్దాలు ముక్కు మీదికి జరుపుకుని ఫోటోను మూల నుంచి మూల దాకా చదివినట్టు చూశాడు. "ఫోటో బానే ఉండాది. తీసినోళ్ళకు మాత్రం తోపు తెలీదు" అన్నాడు.

గ్రేసీకి మండింది. ముందుకొచ్చింది. "తీసింది నేనే. ఏం తెలీదు నాకు?"

ఆయన ఆమెను కింది నుంచి పైకి చూశాడు. "నువ్వేనామ్మా? కాయ పోతే మళ్ళా ఏడు కాస్తాది. ఆ ఉత్తరం గట్టున పెద్ద చెట్టు రెండుగా సీలిపోయింది. గురవమ్మ మొగుడు నాటిన చెట్టు. ఆ యమ్మ అట్లా కూసునింది కాయను సూసి కాదు, ఆ చెట్టును సూసి. నువ్వు రెండడుగులు ఎడం పక్కకు జరిగుంటే ఆ చెట్టు కూడా ఫోటోలో పడేది."

గ్రేసీ ఫోటో వైపు చూసింది. ఆ రోజు తోపులో తూర్పు వైపుకు నడిచింది, మోకాళ్ళ మీద కూర్చుంది. ఎండను చూసింది, నీడను చూసింది, గురవమ్మను చూసింది. గురవమ్మ ఎటు చూస్తోందో తిరిగి చూడలేదు. అదే నిజం. ఈసారి కోపమంతా తన మీదే వచ్చింది.

"ఆ చెట్టు ఇంకా ఉండాదా, కొట్టేసినారా?" అని అడిగింది.

"సగం ఉండాది. ఉండే సగం చిగురేసింది."

బయట మునికుమార్ రెండోసారి హారను కొట్టాడు. "ఆగప్పా, వొస్తా ఉండాను!" అని గ్రేసీ అరిచిన అరుపుకు టీ గ్లాసు కడుగుతున్న ఎల్లప్ప ఉలిక్కిపడ్డాడు. ఆమె పెద్దాయన వైపు తిరిగి, "ఉత్తరం గట్టేనా, సరిగ్గా సెప్పండి. పొద్దన ఎండ ఆడికి ఎప్పుడు పడతాది?" అని మళ్ళీ అడిగింది.